బొమ్మా బొరుసూ... రెండూ దొంగవే!

రెండు వేల ఏళ్లనాటి నాణెమంటూ వేలంపాటలో లక్షలు పోసి కొంటారు. తీరా అది నిన్నో మొన్నో తయారైందని తేలితే? అసలుకీ నకిలీకీ తేడా పసిగట్టడం ఓ పెద్ద విద్య. ఆ విద్య కథ తెలుసుకోవాలంటే బెర్లిన్ నడిబొడ్డున, నది మధ్య దీవిలో ఉన్న ఓ మ్యూజియానికి వెళ్లాలి. అక్కడ లక్షలాది నాణేలతోపాటు ఓ ఘరానా మోసగాడు వాడిన అచ్చుల్నీ భద్రంగా దాచిపెట్టారు!

బెర్లిన్ నగరం మధ్యలో స్ప్రే నది రెండు పాయలుగా చీలుతుంది. ఆ పాయల నడుమ ఉన్న దీవిలో వరసగా అయిదు మ్యూజియాలు. అందుకే దాన్ని మ్యూజియం దీవి అంటారు. 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. దీవికి ఉత్తరం కొసన, నీళ్లలోంచి పైకి లేచినట్టు గుండ్రటి గోడలతో, పైన గుమ్మటంతో కనిపించేదే బోడే మ్యూజియం. దూరం నుంచి చూస్తే నదిలో ముందుకు సాగుతున్న ఓడలా ఉంటుంది. మోన్‌బిజూ వంతెన దాటితే నేరుగా గుమ్మంలోకే. వెనకవైపు మరీ విచిత్రం. ఈ మ్యూజియానికీ పక్కనున్న పెర్గమాన్ మ్యూజియానికీ మధ్యలోంచి రైళ్లు దడదడమంటూ వెళ్తుంటాయి.

లోపల అడుగుపెట్టగానే గుమ్మటం కింద గుర్రమెక్కిన ఓ వీరుడు కనిపిస్తాడు. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన ఫ్రెడరిక్ విల్‌హెల్మ్ అతను. విగ్రహం ఠీవి చూసి ఎవరైనా కాసేపు అక్కడే ఆగిపోతారు. కానీ అది అసలు విగ్రహం కాదు, నకలు! అసలుది అదే నగరంలోని షార్లటన్‌బర్గ్ రాజభవనం ముందుంది. ఇందులో మోసమేమీ లేదు. నకలును నకలనే చెబుతున్నారు కాబట్టి. అసలంటూ నకలును అంటగట్టినప్పుడే పేచీ అంతా!

1904లో తెరిచిన ఈ భవనంలోనే బెర్లిన్ నాణేల భాండాగారం ఉంది. ప్రపంచంలోని అతి పెద్ద నాణేల సేకరణల్లో అదొకటి. నాణేలూ పతకాలూ అన్నీ కలిపి అయిదు లక్షలకు పైనే. గ్రీకు నగరాల వెండి నాణేలూ రోమన్ చక్రవర్తుల బంగారు కాసులూ మధ్యయుగాల రేకు నాణేలూ... ఒక్కోటీ వేలి గోరంత నుంచి అరచేయంత దాకా.

అన్నట్టు, ఈ మ్యూజియంలో సినిమాను మించిన దొంగతనమూ జరిగింది. 2017 మార్చి 27 తెల్లవారుజామున దొంగలు రైలు పట్టాల వెంట నడుచుకుంటూ వచ్చారు. నిచ్చెన వేసుకుని కిటికీలోంచి లోపలికి దిగి, కెనడా టంకశాల తయారుచేసిన 100 కిలోల బంగారు నాణేన్ని తోపుడుబండిలో పెట్టుకుని ఉడాయించారు. 2020లో కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది. బంగారం మాత్రం దొరకలేదు. కరిగించేసి ఉంటారని అనుమానం.

ఈ దొంగలు వాడింది నిచ్చెననీ తోపుడుబండినీ. కానీ రెండు వందల ఏళ్ల కిందట ఇదే జర్మనీలో మరో ఘనుడుండేవాడు. ఏ గోడా దూకలేదు, ఏ తాళమూ పగలగొట్టలేదు. యూరప్‌లోని గొప్ప గొప్ప సేకరణకర్తలే అతని నాణేలను డబ్బిచ్చి మరీ ఇంటికి తీసుకెళ్లారు!

బట్టల కొట్టు నుంచి అచ్చుల దాకా

అతని పేరు కార్ల్ విల్‌హెల్మ్ బెకర్. 1772లో రైన్ నది ఒడ్డున ఉన్న స్పయర్ పట్టణంలో ఓ వైన్ వ్యాపారి ఇంట పుట్టాడు. తనూ కొన్నాళ్లు వైన్ అమ్మాడు, కొన్నాళ్లు బట్టల కొట్టు నడిపాడు. ఏదీ అచ్చిరాలేదు. మనసంతా పాత నాణేల మీదే.

అతను దొంగ నాణేల దారి పట్టడం వెనక ఓ కథ చెబుతారు. ఓసారి బెకర్ ఓ పెద్దమనిషి దగ్గర రోమన్ల కాలం నాటి బంగారు నాణెం కొన్నాడట. అది నకిలీ అని తర్వాత తెలిసింది. వెళ్లి నిలదీస్తే ఆ పెద్దమనిషి- తెలియని విషయాల్లో వేలుపెడితే ఇలాగే అవుతుందని ఎగతాళి చేశాడట. బెకర్‌కు రోషం పొడుచుకొచ్చింది. ఉక్కు మీద అచ్చులు చెక్కే పని నేర్చుకున్నాడు. పట్టుబట్టి తనే ఓ నకిలీ నాణెం తయారుచేసి, ఆ పెద్దమనిషికే అసలుదంటూ అంటగట్టాడట. కథ నిజమో కాదో కానీ, చేతికి పని దొరికాక బెకర్ మాత్రం ఇక ఆగలేదు.

తర్వాత ఫ్రాంక్‌ఫర్ట్‌ను ఆనుకుని ఉన్న ఆఫెన్‌బాఖ్‌లో ఐజెన్‌బర్గ్ ప్రభువు దగ్గర గ్రంథపాలకుడిగా చేరాడు. కొలువులో హోదా, పెద్దల్లో పరపతి. మహాకవి గోథే అంతటివాడితోనూ పరిచయం. అలాంటి మనిషి చూపించే నాణేన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు! గ్రీకు, రోమన్, విసిగోత్ రాజులవి, మధ్యయుగాల జర్మనీవి... ఇలా 300కు పైగా రకాల నాణేలకు బెకర్ అచ్చులు చెక్కాడు.

నాణేలకు బండి షికారు!

మామూలు దొంగలైతే అసలు నాణెం మీద మట్టి అచ్చు తీసి, కరిగించిన లోహాన్ని పోతపోస్తారు. బెకర్ ఆ పని చేయలేదు. పాతకాలం టంకశాలల్లో ఎలా చేసేవారో అలాగే చేశాడు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు, మధ్యలో లోహపు బిళ్ల. పైనుంచి సమ్మెట దెబ్బ! ఇంకో తెలివైన ఎత్తు కూడా వేశాడు. ఆ బిళ్లల కోసం కొన్నిసార్లు అరిగిపోయి చవగ్గా దొరికే నిజమైన పాత నాణేలనే తెచ్చి వాటి మీదే తన అచ్చు కొట్టేవాడు. అంటే లోహం పాతదే. బొమ్మే కొత్తది. లోహాన్ని ఎంత పరీక్షించినా ఏం లాభం?

అయితే అప్పుడే అచ్చు కొట్టిన నాణెం తళతళలాడుతుంది కదా. రెండు వేల ఏళ్లు చేతులు మారిన నాణెం అలా ఉండదు. దానికీ ఓ ఉపాయం కనిపెట్టాడు. ఓ డబ్బాలో ఇనుపరజనూ జిడ్డూ కలిపి, అందులో నాణేలు వేసి, తన గుర్రబ్బండి కింద బిగించేవాడట. ఆఫెన్‌బాఖ్, ఫ్రాంక్‌ఫర్ట్‌ల మధ్య గతుకుల బాటలో బండి కుదుపులకు నాణేలు ఒకదానికొకటి రాసుకునేవి. ఇంటికొచ్చేసరికి అంచులు మొద్దుబారి, మెరుపు తగ్గి, వయసు మీదపడ్డట్టు తయారయ్యేవి. ఈ ప్రయాణాలను 'నా పాత పెద్దమనుషులను షికారుకు తీసుకెళ్లడం' అని సరదాగా చెప్పుకునేవాడట. ఆ పాత పెద్దమనుషులే తర్వాత రాజుల, జమీందారుల పెట్టెల్లోకి చేరారు.

పట్టించింది ఆ చెయ్యే!

మరి ఇంత జాగ్రత్తపడ్డ బెకర్ ఎలా దొరికిపోయాడు? 1826లో ఇటలీకి చెందిన నాణేల పండితుడు డొమెనికో సెస్టీని, గ్రీకు నాణేలను నకిలీ చేస్తున్న ఆధునికుల మీద ఏకంగా ఓ పుస్తకమే అచ్చువేశాడు. అందులో బెకర్ గుట్టు రట్టయింది. ఆ తర్వాత బెకర్ తన నాణేలను నమూనాలుగా చూపించి బాహాటంగానే అమ్మజూపాడు. సేకరణల్లో లోటు పూడ్చుకునేందుకే వీటిని తయారుచేస్తున్నానన్నది అతని వాదన. 1830లో కన్నుమూశాడు. కానీ నాణేలు పోలేదు. అవి అప్పటికే ఎన్ని చేతులు మారాయో ఎవరికి తెలుసు?

అందుకే పండితులు వాటి వెంటపడ్డారు. 1843లో బెర్లిన్‌కు చెందిన మోరిట్జ్ పిండర్ బెకర్ నకిలీల జాబితా తయారుచేశాడు. 1924-25లో బ్రిటిష్ మ్యూజియం నాణేల నిపుణుడు జార్జ్ హిల్ ఆ పనిని మరింత వివరంగా చేసి పుస్తకంగా తెచ్చాడు. ఈలోగా 1911లో బెకర్ వాడిన అచ్చులు బెర్లిన్ నాణేల భాండాగారానికి చేరాయి. దాంతో దొంగ నాణేల పుట్టిల్లే పండితుల చేతికి చిక్కినట్టయింది. అనుమానం వచ్చిన నాణేన్ని ఆ అచ్చుతో పోల్చి చూస్తే చాలు.

ఆ పోలికల్లో తేలిన అసలు రహస్యం ఇదీ. సిసిలీలో క్రీస్తుకు పూర్వం కొట్టిన నాణెమూ, రోమ్‌లో కొట్టిన కాసూ, ఎన్నో శతాబ్దాల తర్వాత జర్మనీలో కొట్టిన నాణెమూ ఒకే మనిషి చేతివాటంతో ఎలా ఉంటాయి? అక్షరాల తీరు, కళ్లు చెక్కిన పద్ధతి, జుట్టు పాయలు... వీటన్నిట్లో బెకర్ చెయ్యి తెలిసిపోతుంది. దస్తూరీ మార్చి రాసినా పాత స్నేహితుడి ఉత్తరాన్ని పోల్చుకున్నట్టే! లోహాన్నీ బరువునూ అరుగుదలనూ అన్నిటినీ నకలు చేశాడు కానీ తన చేతిని తను దాచుకోలేకపోయాడు.

బొమ్మకు తోడు ఎన్ని బొరుసులు?

దొంగ నాణేలను పట్టడానికి నిపుణులు చూసే మరో సంగతి బొమ్మా బొరుసుల జోడీ. పాతకాలంలో బొమ్మవైపు అచ్చును కింద దిమ్మెలో గట్టిగా బిగించేవారు. బొరుసువైపు అచ్చును చేత్తో పట్టుకుని, దాని మీద సమ్మెటతో కొట్టేవారు. దెబ్బలన్నీ తినేది పైదే కాబట్టి అదే ముందు పగిలిపోయేది. కొత్తది చెక్కేవారు. కింది అచ్చు మాత్రం మరికొన్నాళ్లు నిలిచేది. అందుకే నిజమైన పాత నాణేల్లో ఒకే బొమ్మకు వేర్వేరు బొరుసులు జతగా కనిపిస్తాయి. ఈ జోడీలను ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోతే టంకశాల పనంతా గొలుసులా బయటపడుతుంది. దొంగకు అంత ఓపికెక్కడిది? సాధారణంగా ఒక బొమ్మ, ఒక బొరుసు చెక్కుకుని వాటినే పదేపదే కొడతాడు. ఏ గొలుసులోనూ ఇమడకుండా ఆ జోడీ ఒంటరిగా మిగిలిపోయిందంటే అనుమానించాల్సిందే.

పోతపోసిన నకిలీలను పట్టుకోవడం ఇంకాస్త తేలిక. భూతద్దంతో చూస్తే గాలి బుడగల వల్ల పడిన సన్నటి గుంటలు కనిపిస్తాయి. అక్షరాల అంచులు కరిగిన సబ్బులా మెత్తగా ఉంటాయి. రెండు అచ్చుల అతుకు నాణెం అంచున గీతలా ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీస్తే ఆ గీతలు పడతాయి. సమ్మెటతో కొట్టిన నాణెంలోనైతే లోహం దెబ్బకు బయటివైపు పాకినట్టు సన్నటి చారలుంటాయి.

నీళ్లలో తూచడం మరో పాత పద్ధతి. మేలిమి బంగారం నీటికన్నా 19.3 రెట్లు బరువు. వెండి 10.5 రెట్లు. లెక్క తప్పితే లోపల వేరే లోహం ఉన్నట్టే. ఎక్స్‌రేలతో లోహాన్ని చదివే యంత్రాలూ వచ్చాయి. అయితే అవి ఎక్కువగా పైపొరనే చదువుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సూత్రం ఇంకోటుంది. చేత్తో కొట్టిన రెండు పాత నాణేలు అచ్చంగా ఒకేలా ఉండవు. అచ్చు ఒకటే అయినా ఒకటి పక్కకు జరుగుతుంది, ఇంకోటి అంచున చిట్లుతుంది. కవలలకైనా పుట్టుమచ్చలు వేరుగా ఉన్నట్టు! అదే చిట్లు, అదే గీత, అదే అరుగుదల రెండు నాణేల మీద కనిపించాయా... కనీసం ఒకటి దొంగది. ఒక్కోసారి రెండూ!

వేలంపాటలో మరో మాయ

ఈ విద్య ఇవాళ అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యేది వేలం సంస్థలకే. అమ్మేవాళ్లు నాణేన్ని తెచ్చిస్తారు. సంస్థలోని నిపుణులు పరీక్షించి, ఫొటోతో కేటలాగు వేస్తారు. పాట పాడుకున్నవాళ్లు పాట ధర మీద సంస్థకు కమీషనూ చెల్లిస్తారు. పాత కేటలాగులనూ తీసిపారేయడానికి లేదు. నాణేల ఫొటోలతో కేటలాగులు వేయడం వందేళ్లకు పైగా ఉన్న అలవాటే. అంచున ఉన్న చిట్లును బట్టి, ఇదే నాణెం ఎప్పుడో అమ్ముడైందని నిరూపించవచ్చు. పాత ఫొటో దొరికిందంటే కనీసం నిన్న మొన్నటి కంప్యూటర్ యంత్రాల మీద తయారైన సరుకు కాదన్నమాట.

నాణెం అసలుదని తేలిపోతే గండం గట్టెక్కినట్టేనా? కాదని 2020లో లండన్‌లో జరిగిన ఓ వేలం చెప్పింది. జూలియస్ సీజర్‌ను క్రీస్తుపూర్వం 44 మార్చి 15న పొడిచి చంపారు. ఆ హత్యను ఘనకార్యంగా చాటుకుంటూ బ్రూటస్ రెండేళ్లకు ఓ నాణెం వేయించాడు. ఒకవైపు అతని ముఖం, రెండోవైపు రెండు బాకులూ మధ్యలో ఓ టోపీ. బంగారంలో అప్పటికి లోకానికి తెలిసినవి మూడే. వాటిలో ఒకటి 2020 అక్టోబరులో వేలానికొచ్చింది. పాట 27 లక్షల పౌండ్ల దగ్గర ఆగింది. కమీషనుతో కలిపి 32 లక్షల 40 వేల పౌండ్లు! పురాతన నాణేనికి అంత ధర పలకడం అప్పటికి రికార్డు.

నాణెం అసలుదే. అబద్ధమాడింది దాని కాగితాలు! ఫలానా పాత సేకరణలోంచి వచ్చిందని కేటలాగులో చెప్పింది కల్పన అని అమెరికాలోని న్యూయార్క్ దర్యాప్తు అధికారులు తేల్చారు. వేలం సంస్థ యజమాని 2023 జనవరిలో అరెస్టయ్యాడు. అదే ఏడాది కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2023 మార్చిలో నాణేన్ని గ్రీసుకు అప్పగించారు. బెకర్ నాణేన్ని పుట్టించాడు. వీళ్లు నాణేనికి వంశవృక్షాన్ని పుట్టించారు. నాణేన్నే కాదు, దాని పుట్టుపూర్వోత్తరాలనూ భూతద్దం పెట్టి చూడాల్సిందేనని అప్పటినుంచి సేకరణకర్తలకు గట్టిగా తెలిసొచ్చింది.

మనకేం నష్టం?

ఎవరో కోటీశ్వరుడు మోసపోతే మనకేంటి అనిపించవచ్చు. కానీ నాణెమంటే డబ్బే కాదు, సాక్ష్యం. ముఖ్యంగా మన శాతవాహనుల విషయంలో. జగిత్యాల జిల్లాలో గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాలలో దొరికిన నాణేల మీద ఆ వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడి పేరును శాసన పరిశోధకుడు పి.వి.పరబ్రహ్మశాస్త్రి చదివారు. శాతవాహనుల తొలి అడుగులు తెలుగునేల మీదేనన్న వాదనకు ఆ చిన్న చిన్న బిళ్లలే పెద్ద బలం. 

మరో ఉదాహరణ. 1906లో నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో 13 వేలకు పైగా వెండి నాణేలున్న నిధి బయటపడింది. అవన్నీ నహపానుడనే క్షత్రప రాజువి. వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి మళ్లీ తన ముద్ర కొట్టించాడు. నహపానుణ్ని శాతకర్ణి ఓడించాడనడానికి అంతకన్నా రుజువేముంటుంది! చిత్రమేమిటంటే పాత నాణెం మీద కొత్త అచ్చు కొట్టడమే బెకర్ కూడా చేశాడు. రాజు చేస్తే అది విజయ ప్రకటన, ఎందుకంటే అందరికీ తెలిసేలా చేశాడు. బెకర్ చేస్తే మోసం, ఎందుకంటే తెలియకుండా చేశాడు.

ఇలాంటి నాణేల మధ్య ఎవరో పుట్టించిన ఓ రాజు నాణెం చేరితే? లేని రాజు చరిత్రలోకి వస్తాడు. ఉన్న రాజు పాలించిన ఏళ్లు తారుమారవుతాయి. అలాగే దొంగచాటుగా తవ్వి అమ్మేసిన అసలు నాణెం కూడా సగం మూగదే. ఏ ఊళ్లో, ఏ కుండలో, ఏ నాణేల పక్కన దొరికిందో చెప్పలేదు కాబట్టి.

కొనేముందు...

పొలంలో లంకెబిందెలు దొరికాయంటూ ముందు ఒక్క అసలు బంగారు కాసు చూపించి, తర్వాత మూటెడు ఇత్తడి అంటగట్టే ముఠాల సంగతి మనకు తెలిసిందే. వేలం హాలైనా ఊరి చివర చెట్టు నీడైనా జాగ్రత్తలు దాదాపు ఒకటే.

* రసీదు, నాణెం అసలుదన్న రాతపూర్వక హామీ, నకిలీ అని తేలితే డబ్బు వాపసు ఇస్తారన్న మాట... ఈ మూడూ లేనిదే కొనొద్దు.

* ఇంతకుముందు ఎవరి దగ్గరుంది, ఎప్పుడు అమ్ముడైంది అన్నవి అడగాలి. చెప్పింది నిజమో కాదో పాత కేటలాగుల్లో చూసుకోవాలి.

* మ్యూజియాలకు వెళ్లి అసలు నాణేలను తీరిగ్గా చూడటం మంచి చదువు. అసలును వందసార్లు చూసిన కంటికి నకిలీ తొందరగా దొరుకుతుంది.

* పాత నాణేన్ని చింతపండుతోనో ఆమ్లంతోనో తోమకూడదు. శతాబ్దాల చిలుము కూడా సాక్ష్యమే.

* భూమిలో నిధి దొరికితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. విలువ పది రూపాయలు దాటితే చాలు, ఈ చట్టం వర్తిస్తుంది. వందేళ్లు దాటిన నాణేలను ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి పంపడం 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నేరం.

దాచింది అందుకే!

దొంగ నోట్లు పట్టుబడితే వాటి అచ్చుల్ని ధ్వంసం చేయడం చూస్తుంటాం. బెర్లిన్‌లో బెకర్ అచ్చుల్ని మాత్రం ఎవరూ కరిగించలేదు. ఎందుకంటే అతని నాణేలు ఇంకా లోకంలో తిరుగుతూనే ఉన్నాయి. తాతగారి పెట్టెలోంచో, పాత సేకరణలోంచో బయటపడుతూనే ఉన్నాయి. 'బెకర్ నకిలీ' అని చెప్పి మరీ వేలం వేసే సంస్థలున్నాయి. వాటిని ముచ్చటపడి కొనుక్కునేవాళ్లూ ఉన్నారు. గుమ్మటం కింద గుర్రం మీద కూర్చున్న వీరుడిలాగే... నకలును నకలని చెప్పి చూపిస్తే అదో కళ. ఆ ఒక్క మాట దాచేవాళ్లు ఉన్నంతకాలం, ఆ అచ్చులు బెర్లిన్‌లో భద్రంగా ఉండాల్సిందే!